వేలి మీద సిరా ఆరిపోయాక...

‘మనలాంటోళ్లం అరిస్తే ఎవరు వింటారండీ?’ టీకొట్టు దగ్గర రాజకీయ చర్చ ఏదైనా చివరికి తేలేది ఇక్కడే. ఈ నిట్టూర్పు వెనకున్న నమ్మకాలు ఎంతవరకు నిజమో చూద్దాం.

అపోహ: ఓటేశాక ఐదేళ్లదాకా మన చేతిలో ఏమీ ఉండదు.

వాస్తవం: 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకోవడానికి చేరిన ఆడవాళ్లు, సారా తమ ఇళ్లను ఎలా గుల్ల చేస్తోందో మాట్లాడుకున్నారు. మాటలతో ఆగలేదు. రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలవగా ఊళ్లో సారా కొట్టు మూయించారు. ఆ వేడి పక్క ఊళ్లకు పాకి, సారా వేలం పాటలనే అడ్డుకునేదాకా వెళ్లింది. ఖజానాకు సారా డబ్బు ఎంత ముఖ్యమైనా, 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా ప్రభుత్వం దాన్ని నిషేధించక తప్పలేదు. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం ఎన్టీఆర్ ప్రధాన హామీ అయింది. ఆ హామీని పుట్టించింది పార్టీ ఆఫీసు కాదు, పల్లె ఆడవాళ్లు.

అపోహ: గెలవనివాళ్లు నామినేషన్ వేయడం దండగ.

వాస్తవం: గెలవడానికే పోటీ చేయాలని లేదు. ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినిపించాలని 1996లో నల్గొండ లోక్‌సభ బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమైపోయింది. 2019లో నిజామాబాద్‌లో పసుపు బోర్డు, మద్దతు ధర కావాలంటూ పసుపు, ఎర్రజొన్న రైతులు అదే దారి పట్టారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, వారిలో అత్యధికులు రైతులే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. తనకు కావలసిన గుర్తు ఏ పెట్టె మీద ఉందో ఓటరు వెతుక్కోవాల్సిందే. రైతులెవరూ గెలవలేదు, సిట్టింగ్ ఎంపీ మాత్రం ఓడిపోయారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. వాళ్లు అడిగిన మద్దతు ధర మాత్రం దాంతోపాటు రాలేదు.

అపోహ: నోటాకు (‘పైవారెవరూ కాదు’ మీటకు) ఎక్కువ ఓట్లొస్తే ఎన్నిక రద్దవుతుంది.

వాస్తవం: లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో అలాంటి నిబంధన లేదు. అభ్యర్థుల్లో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వారే విజేత. 2024లో ఇండోర్‌లో నోటాకు 2 లక్షలకు పైగా ఓట్లు పడ్డా ఎన్నిక చెల్లింది. నోటా నిరసన తెలుపుతుందే తప్ప ఎవరినీ ఓడించదు.

అపోహ: సమాచార హక్కు చదువుకున్నవాళ్ల వ్యవహారం.

వాస్తవం: ఆ చట్టం కోసం మొదట గొంతెత్తినవాళ్లలో రాజస్థాన్ కూలీలున్నారు. మస్టర్ రోల్‌లో (కూలీల హాజరు పట్టీలో) ఎవరి పేరున ఎంత కూలి రాశారో చూపించమన్నారు. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. 2005లో జాతీయ స్థాయిలో చట్టం వచ్చింది. దరఖాస్తు తెలుగులో రాయొచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే కాగితం మీద పెట్టడానికి సాయపడటం సమాచార అధికారి బాధ్యత. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

అపోహ: ఒకసారి సాధిస్తే ఇక నిశ్చింత.

వాస్తవం: దూబగుంట కథకు రెండో సగం కూడా ఉంది. 1995 జనవరిలో అమల్లోకి వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. ఖజానా అవసరం, దొంగసారా లాంటివి కారణాలుగా చెప్పారు. జనం ఒత్తిడితో వచ్చింది జనం ఆదమరిస్తే పోతుంది.

ఈ ఉదంతాల్లో ఎవరూ ‘ఏదో ఒకటి చేయండి’ అని అడగలేదు. కొట్టు మూయమన్నారు, నీళ్లు ఇమ్మన్నారు, బోర్డు పెట్టమన్నారు, మస్టర్ రోల్ చూపమన్నారు. ఒక్కరుగా కాక గుంపుగా అడిగారు. మీ ఊళ్లో ఈసారి గ్రామసభ జరిగితే ఒక్క సమస్య ఎంచుకోండి, పదిమంది సంతకాలతో అర్జీ ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి. మళ్లీ వెళ్లి నిలదీయడానికి ఆ రసీదే ఆధారం.