ఆపాలి, ఆపకూడదు

స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లలో చాలామందికి వారంటీ గడువు దాటగానే ఒక కోరిక పుడుతుంది. కంపెనీ బిగించిన ఆయిల్ ఫిల్టరు తీసేసి, బయట దొరికే ‘అంతకన్నా మంచిది’ ఏదో వేయించాలని. నాంపల్లిలో ఉండేవాళ్లకు ఇది పెద్ద పని కాదు. మొజంజాహీ మార్కెట్ దాటి జాంబాగ్ మీదుగా పుత్లీబౌలి వైపు నడిస్తే స్పేర్ పార్టుల దుకాణాలు ఎదురవుతాయి. అక్కడ కాదంటే రాణిగంజ్ ఉండనే ఉంది. కౌంటరు మీద నారింజ, నలుపు, నీలం డబ్బాలు వరసగా నిలబెడతారు.

“రేసింగ్‌ది ఉందా భాయ్?” అంటాడు కుర్రాడు.

“ముందు బండి ఏంది, ఏ సంవత్సరందో చెప్పు” అంటాడు దుకాణదారు.

ఈ ఇద్దరిలో విజ్ఞానం తెలిసినవాడు దుకాణదారే. ఎందుకో తెలియాలంటే పిడికిలిలో పట్టే ఆ డబ్బా పుట్టుక దాకా వెనక్కి వెళ్లాలి.

చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా 1911లో ఆర్డరిచ్చాడు. కారు చేరకముందే, అదే ఏడాది ఆయన కన్నుమూశాడు. వెనక సింహాసనంలాంటి ఆసనం ఉన్న ఈ కారును ఊరేగింపులకే తీసేవారు కాబట్టి అది పెద్దగా తిరిగింది లేదు. దాని ఇంజిన్లో పంపు నూనెను ఒత్తిడితో బేరింగులకు అందిస్తుంది. ఆ రోజుల్లో అది గొప్ప ఏర్పాటే. కానీ నూనెకూ బేరింగుకూ మధ్య ఇప్పటిలాంటి ఫిల్టరు లేదు. ఆ కాలపు ఇంజిన్లలో ఉన్నది లోహపు జల్లెడే. జల్లెడ గింజంత ముక్కను ఆపుతుంది, ధూళిని ఆపలేదు. మరి అప్పటివాళ్లు ఏం చేసేవారు? నూనె పారబోసేవారు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లో ఎప్పుడైనా బాగా పాత మోటారు పుస్తకం తగిలితే ఈ పేజీ వెతకండి. 500 మైళ్లకో వెయ్యి మైళ్లకో నూనె మార్చమనడం అప్పట్లో మామూలు సలహా.

ఈ తలనొప్పికి మందు కనిపెట్టింది అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ష్. స్వీట్‌లాండ్‌కు మోటార్ల కంటే వడపోతే బాగా తెలుసు. పరిశ్రమల్లో ద్రవాలను ఒత్తిడితో వడకట్టే యంత్రాలు చేసినవాడు. 1923లో ఇద్దరూ కలిసి కారు నూనెకు వడపోత తయారుచేసి ప్యూరోలేటర్ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది వాల్టర్ క్రైస్లర్ తన కొత్త ఆరు సిలిండర్ల కారులో దాన్ని అదనపు సామానుగా కాకుండా కారుతోపాటే ఇచ్చాడు. ప్యూరోలేటర్ పేరు తర్వాతి కాలంలో మన దేశపు కౌంటర్లకూ వచ్చింది.

అయితే ఆ తొలి ఫిల్టరుకు ఒక పిరికితనం ఉంది. పంపు నుంచి వచ్చిన నూనెలో చిన్న వాటానే పక్కదారిలో ఫిల్టరుకు వెళ్లేది. మిగతాదంతా మురికితోనే నేరుగా బేరింగులకు పోయేది. తిరగ్గా తిరగ్గా ఎప్పటికో నూనె అంతా ఒకసారి వడకట్టు దాటుతుందని ఆశ. పిరికితనం అన్నాను గానీ దానికి కారణముంది. నూనె మొత్తాన్నీ ఫిల్టరు గుండా పంపితే, అది పూడుకుపోయిన రోజున బేరింగుకు చుక్క అందదు. మురికి నూనెతో ఇంజిను ఏళ్లపాటు అరుగుతుంది. నూనె లేకపోతే నిమిషాల్లో పట్టేస్తుంది. ఏది నయమో ఏ మెకానిక్కును అడిగినా చెబుతాడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంజినీర్లు ధైర్యం చేసి నూనె అంతటినీ ఫిల్టరు గుండా పంపడం మొదలుపెట్టారు. ఆ ధైర్యాన్నిచ్చింది ఒక చిన్న స్ప్రింగు. ఫిల్టరుకు ఇవతలా అవతలా ఒత్తిడిలో తేడా ఒక హద్దు దాటితే స్ప్రింగు వెనక్కి నొక్కుకుని దారి తెరుచుకుంటుంది, నూనె వడకట్టకుండానే పోతుంది. దీన్నే బైపాస్ వాల్వు అంటారు. నా దృష్టిలో ఆయిల్ ఫిల్టరు కథలో ముఖ్య పాత్ర కాగితం కాదు, ఈ స్ప్రింగే. మురికిని ఆపాలి, నూనెను ఆపకూడదు. ఎప్పుడు ఏ పని వదిలేయాలో తేల్చేది అదే.

1950ల మధ్యలో ఫిల్టరు ఇప్పటి రూపానికి వచ్చింది. అంతకుముందు ఇనప గిన్నె విప్పి, నూనెలో నానిన పాత వడకట్టు తీసి, గిన్నె కడిగి కొత్తది పెట్టాలి. డబ్బా మొత్తం మరతో తిప్పి బిగించి, పాతబడితే మొత్తంగా పారేసే పద్ధతి రావడంతో పని చేతికి అంటకుండా అయిపోయింది. గుడ్డ, నూలు, ఫెల్టు పోయి, రెజిన్ పట్టించిన మడతల కాగితం వచ్చింది. ఇప్పుడు కొన్ని యూరోపియన్ కార్లు మళ్లీ గిన్నెలో కాగితం ఒక్కటే మార్చే పాత పద్ధతికి వెళ్లిపోవడం చూస్తే, ఆ మురికిపని అంత చెడ్డదేం కాదని తేల్చుకున్నట్టున్నారు. ఇక మన వీధుల్లో తిరిగే స్ప్లెండర్ బైకులో కాగితమే లేదు. గిర్రున తిరిగే గిన్నె మురికిని అంచుకు విసిరి అక్కడే పట్టి ఉంచుతుంది.

డబ్బా లోపల ఏముందో తెలుసుకోవాలంటే కోసి చూడాలి. కాస్త శ్రద్ధ ఉన్న ఉస్తాద్‌ను అడిగితే కోసిస్తాడు. అడుగున రేకు చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు. మురికి నూనె వాటిలోంచి లోపలికి వస్తుంది. మధ్యలో మరలున్న పెద్ద రంధ్రం వడకట్టిన నూనె బయటికి పోయే దారి. చిన్న రంధ్రాల వెనక పల్చని రబ్బరు పొర ఉంటుంది. ఇంజిను ఆపినప్పుడు డబ్బాలోని నూనె కిందికి జారిపోకుండా పట్టుకునేది అదే. అది పట్టు తప్పితే పొద్దున స్టార్ట్ చేయగానే ఒకటి రెండు క్షణాలు టకటకమని చప్పుడు వినిపిస్తుంది. ఫిల్టరు అడ్డంగానో తలకిందులుగానో ఉన్న ఇంజిన్లలో ఈ రబ్బరు నాణ్యత మరీ ముఖ్యం. నైట్రైల్ రబ్బరు వేడికి బిరుసెక్కుతుంది, సిలికాన్ రబ్బరు ఎక్కువకాలం మెత్తగా ఉంటుంది. ఆ రబ్బరు పొర వెనక కాగితం మడతలు. ఒక మామూలు కారు ఫిల్టరులో ఆ మడతలన్నీ విప్పి పరిస్తే దినపత్రికలో అర పేజీ అంత వస్తుంది. మడతలు దగ్గర దగ్గరగా, సమానంగా ఉన్నాయా, రెండు చివర్లా జిగురు పూర్తిగా అంటిందా అన్నది కోస్తే గానీ తెలియదు. నకిలీ డబ్బాల బండారం బయటపడేది ఇక్కడే.

నూనెలో చేరే మురికి ఏమిటంటే, కొంత మసి, కొంత ఇంజిను తనలో తానే అరగ్గా రాలిన లోహం, కొంత గాలితో వచ్చిన దుమ్ము. హైదరాబాదు నిలబడ్డది గ్రానైటు మీద. గ్రానైటు దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది, దాని కాఠిన్యం మోస్ కొలత మీద 7. బేరింగు పైపొర దాని ముందు మైనంతో సమానం. ప్రయోగశాలల్లో ఫిల్టర్లను పరీక్షించే ప్రామాణిక ధూళికి అరిజోనా దుమ్మని పేరు. అందులోనూ ఎక్కువ పాలు సిలికానే.

బేరింగుకూ షాఫ్టుకూ మధ్య నడిచేటప్పుడు నిలిచే నూనె పొర మందం చాలాచోట్ల కొద్ది మైక్రాన్లే. మన వెంట్రుక దాదాపు 70 మైక్రాన్లుంటుంది. పెద్ద రేణువు ఆ సందులో దూరలేదు, మరీ చిన్నది తగలకుండా జారిపోతుంది. పొర మందానికి అటూ ఇటూ ఉన్నదే రాపిడి పెడుతుంది. 1988లో జనరల్ మోటార్స్‌కు చెందిన డేవిడ్ స్టేలీ చేసిన పరీక్షల్లో 40 మైక్రాన్ల ఫిల్టరుతో పోలిస్తే 30 మైక్రాన్లదానితో అరుగుదల సగానికి తగ్గింది. 15 మైక్రాన్లదానితో 70 శాతం తగ్గింది. అందుకే డబ్బా మీద “99 శాతం” అని రాసి ఉంటే సంతోషించకండి, ఎన్ని మైక్రాన్ల దగ్గర అని అడగండి. 40 దగ్గర 99 అన్నదీ, 20 దగ్గర 99 అన్నదీ ఒక్కటి కావు. కొందరు బీటా అంకె ఇస్తారు. 20 మైక్రాన్ల దగ్గర బీటా 75 అంటే, అంతకన్నా పెద్ద రేణువులు 75 వస్తే ఒక్కటే దాటిపోతుందని అర్థం, అంటే 98.7 శాతం.

ఇప్పుడు కుర్రాడు అడిగిన రేసింగ్ ఫిల్టరు సంగతి. రేసు ఇంజినుకు ఆయుష్షు తక్కువ. తరచూ విప్పుతారు, బేరింగులు మారుస్తారు. అక్కడ భయం అరుగుదల గురించి కాదు, మూలమలుపులో ఇంజిను జోరుగా తిరిగేటప్పుడు నూనె ఒత్తిడి పడిపోతుందేమోనని. అందుకని రేసు కోసమే చేసిన కొన్ని ఫిల్టర్లలో వడపోత కాస్త వదులుగా, ప్రవాహం ధారాళంగా ఉంటుంది. మన స్పోర్ట్స్ కారు వారమంతా ఆబిడ్స్ జీపీవో సిగ్నల్ దగ్గర పొగలో నిలబడుతుంది, ఆదివారం పొద్దున ఔటర్ రింగు రోడ్డెక్కుతుంది. దానికి కావలసింది గట్టి వడపోత. (2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. ఆ కార్లకు ఇంజినే లేదు, ఇంజిన్ ఆయిల్ ఫిల్టరు గొడవే లేదు.)

వాతావరణం కూడా మన పక్షానే ఉంది. ఫిల్టరు గట్టిగా ఉంటే చలిలో చిక్కబడ్డ నూనె దాటలేక బైపాస్ తెరుచుకుంటుందన్నది డెట్రాయిట్‌లో న్యాయమైన భయం. హైదరాబాదు నగరంలో జనవరి తెల్లవారుజామున కూడా 10 డిగ్రీల కిందికి దిగడం అరుదు. కాబట్టి సింథటిక్ పీచుతో సన్నగా వడకట్టే ఫిల్టరుకు ఇక్కడ నష్టం తక్కువ, లాభం ఎక్కువ. ఒక్క షరతు, కారు కంపెనీ చెప్పిన పలచని నూనే పోయాలి. “ఎండలకు చిక్కటిదే మంచిది సార్” అని 20డబ్ల్యూ50 పోస్తే, ఆ చిక్కదనమే ఒత్తిడి తేడా పెంచి బైపాస్‌ను తెరిపిస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన ఫిల్టరైనా పక్కన కూర్చుని చూడాల్సిందే.

దుకాణదారు బండి పేరు ఎందుకు అడిగాడో ఇప్పుడు చెప్పుకోవచ్చు. మొదటి కారణం ఆ స్ప్రింగే. చాలా ఫిల్టర్లలో బైపాస్ 8 నుంచి 15 పీఎస్‌ఐ మధ్య తెరుచుకుంటుంది. సుబారు టర్బో కార్లకు కంపెనీ అడిగేది దాదాపు 23. తక్కువ అంకెది బిగిస్తే గట్టిగా తోలినప్పుడల్లా తలుపు తెరుచుకుంటుంది, బయటికి ఏమీ తెలియదు. రెండో కారణం మర. కొన్ని ఇంజిన్లకు 20 మిల్లీమీటర్ల మర, చుట్టుకూ చుట్టుకూ ఎడం 1.5. ఇంకొన్నిటికి ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు, ఎడం 1.59. తేడా కంటికి ఆనదు. పెద్ద మర డబ్బా చిన్న మర కొయ్య మీద వదులుగా ఎక్కుతుంది, బిగుసుకున్నట్టే అనిపిస్తుంది. ఒత్తిడి పెరిగాక నడిరోడ్డు మీద ఊడి నూనె అంతా కుమ్మరిస్తుంది. “సైజు సేమే ఉంది, పడతది” అన్న మాట వినిపిస్తే డబ్బా వెనక్కిచ్చేయండి.

నా సలహా అడిగితే ఇది. మీ ఇంజినుకు రాసిన బైపాస్ అంకె, మర రెండూ సరిపోయినవాటిని మాత్రమే పక్కకు తీయండి. వాటిలో 20 మైక్రాన్ల దగ్గరి వడపోత శాతం బాహాటంగా చెప్పేది, సిలికాన్ రబ్బరున్నది ఎంచుకోండి. అలాంటిది దొరకకపోతే కంపెనీదే వేయించండి, అందులో చిన్నతనం లేదు. బిగించే ముందు పాత రబ్బరు రింగు ఇంజినుకే అంటుకుని ఉండిపోలేదు కదా అని వేలితో తడిమి చూడమనండి. కొత్త రింగుకు నూనె రాయించండి. అది తాకాక సాధారణంగా ముప్పావు చుట్టు చాలు, డబ్బా మీద వేరే రాసి ఉంటే అదే పాటించండి. పానాతో మాత్రం బిగించనివ్వకండి.

తీసిన పాత ఫిల్టరును చెత్తలో వేయకండి. కోయించి, కాగితం పరిచి, అయస్కాంతం తిప్పండి. అంటుకునేది ఇనుము, ఉక్కు. అంటకుండా తెల్లగా మెరిసేది అల్యూమినియం కావచ్చు. కొద్దిగా కనిపిస్తే కంగారు అక్కర్లేదు. రాగి రంగు తళుకులు కనిపిస్తే మాత్రం చాలా ఇంజిన్లలో బేరింగు పైపొర అరిగి కింది పొర బయటపడిందని అర్థం. అప్పుడు ఏ ఫిల్టరు మంచిదన్న చర్చ కట్టిపెట్టి ఇంజిను అడుగున నూనె నిలిచే గిన్నె, అంటే సంప్ విప్పించాలి.