పిండం గుండె ఆగే వరకు చూశారు.. తల్లి ప్రాణం పోయింది! అబార్షన్ చట్టం క్లియర్‌గా లేకపోతే జరిగేది ఇదే

సవిత హలప్పనవార్. వయసు 31. కర్ణాటక నుంచి వెళ్లి ఐర్లాండ్‌లో సెటిలైన డెంటిస్ట్. 2012 అక్టోబర్ 21న నడుము నొప్పితో గాల్వే యూనివర్సిటీ ఆస్పత్రికి వెళ్లారు. అప్పటికి 17 వారాల గర్భం. అది నిలవదని డాక్టర్లు తేల్చేశారు. ఎలాగూ నిలవదు కదా, తీసేయండి అని భార్యాభర్తలిద్దరూ అడిగారు. కుదరదన్నారు. కారణం.. కడుపులో పిండం గుండె ఇంకా కొట్టుకుంటోంది. ఇది క్యాథలిక్ దేశం అని అక్కడి మిడ్‌వైఫ్ ఒకరు సవితతో అన్నారు. ఆ మాట అన్నది నిజమేనని తర్వాత విచారణలో ఒప్పుకున్నారు కూడా.

ఈలోగా ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకేసింది. అక్టోబర్ 28న సవిత చనిపోయారు.

డాక్టర్లు ఎందుకు ఆగారు?

1983లో ఐర్లాండ్ రాజ్యాంగంలో ఓ సవరణ చేశారు. తల్లికి, కడుపులోని బిడ్డకి జీవించే హక్కు సమానం అన్నది దాని సారాంశం. తల్లి ప్రాణానికే ముప్పు ఉంటే అబార్షన్ చేయొచ్చని 1992లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. సరే, ఎంత ముప్పు ఉంటే? ఆ సంగతి తేల్చే చట్టం మాత్రం 20 ఏళ్లు రాలేదు. గీత దాటితే డాక్టర్‌కే జైలు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. అడ్మిట్ అయిన మర్నాడో, ఆ తర్వాతి రోజో అబార్షన్ చేసి ఉంటే సవిత బతికేవారేమోనని విచారణలో నిపుణుడు చెప్పారు. కానీ ఆ రెండు రోజుల్లో ఆమె ప్రాణానికి ముప్పు ఉన్నట్టు కనిపించలేదు. అంటే చట్టం ఒప్పుకోదు. చట్టం ఒప్పుకునేంతగా పరిస్థితి విషమించేసరికి టైమ్ అయిపోయింది. ఆస్పత్రి తప్పులు లేవని కాదు. ఇన్‌ఫెక్షన్‌ను సరిగా గమనించలేదని రిపోర్టులు కూడా తేల్చాయి.

ఈ ఘటనతో ఐర్లాండ్ ఊగిపోయింది. 2013లో ఓ చట్టం తెచ్చారు, అది సరిపోలేదు. 2018 మే 25న రెఫరెండం పెడితే 66.4 శాతం మంది ఆ పాత సవరణను తీసేయాలని ఓటేశారు. 2019 జనవరి 1 నుంచి 12 వారాల వరకు కారణం చెప్పకుండానే అబార్షన్ చేయించుకోవచ్చు.

మరి మన దగ్గర?

మన దేశంలో 1971లోనే ఎంటీపీ చట్టం వచ్చింది. సవిత లాంటి కేసు ఇక్కడైతే డాక్టర్ ఆగాల్సిన పనే లేదు. తల్లి ప్రాణం కాపాడటానికి వెంటనే చేయక తప్పదనుకుంటే ఎన్ని వారాలైనా చేయొచ్చని సెక్షన్ 5 చెబుతోంది. మామూలుగా 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 2021 సవరణతో రేప్ బాధితులు, మైనర్లు, దివ్యాంగులు, భర్త చనిపోయినవారు, విడాకులు తీసుకున్నవారు లాంటి వాళ్లకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా పెంచారు. పెళ్లి కాని వారికీ ఇది వర్తిస్తుందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

భర్త సంతకం కావాలా? అక్కర్లేదు. 18 ఏళ్లు నిండితే ఆమె సంతకం ఒక్కటే చాలు. అయినా చాలాచోట్ల "మీ ఆయన్ని తీసుకురండి" అంటూనే ఉంటారు. చట్టంలో లేని రూల్ ఇది! పేషెంట్ వివరాలు బయటపెడితే ఏడాది వరకు జైలు కూడా ఉంది.

అయితే ఓ చిక్కు మిగిలే ఉంది. మన దగ్గర అబార్షన్ హక్కు కాదు, నేరానికి మినహాయింపు మాత్రమే. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 88 ఇప్పటికీ దాన్ని నేరంగానే చూస్తోంది. ఎంటీపీ చట్టం పరిధిలో చేస్తేనే డాక్టర్‌కు రక్షణ. అందుకే కొందరు డాక్టర్లు మనకెందుకొచ్చిన గొడవ అని వెనక్కి తగ్గుతున్నారు. 24 వారాలు దాటితే, పిండంలో తీవ్ర లోపాలుంటే మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి. మిగతావాళ్లు హైకోర్టుకు వెళ్తున్నారు. పిటిషన్, బోర్డు రిపోర్టు, వాదనలు.. ఇవన్నీ అయ్యేసరికి ఒక్కోసారి గర్భానికి ఇంకో వారం, రెండు వారాలు నిండిపోతున్నాయి.