అద్దము వెనుక పదిహేడు మంది

2021వ సంవత్సరము డిసెంబరు నెలలో ముంబయి నగరములోని అంధేరీలో ఒక బారుమీద పోలీసులు దాడి చేశారు. లోపల ఆడవారిచేత డాన్సు చేయించుచున్నారని వారికి సమాచారము. తీరా వెళ్ళి చూస్తే ఒక్క స్త్రీ కూడ కనబడలేదు. గంటల తరబడి వెదికిన తరువాత, ముస్తాబు గదిలోని పెద్ద అద్దముమీద వారికి అనుమానము కలిగింది. దానిని పగులగొట్టగా వెనుక రహస్యపు గది బయటపడింది. అందులో 17 మంది స్త్రీలు దాగి ఉన్నారు.

ఈ వార్త విన్న చాలామందికి ఆ అద్దమే వింతగా తోచింది. నాకు మాత్రము ఆ ఇరుకు గదిలో చప్పుడు చేయకుండ గంటలకొలది కూర్చున్న ఆడబిడ్డలే మనస్సులో మెదలుచున్నారు. వారిని అక్కడికి నెట్టినది బారు యజమాని ఒక్కడేనా?

ఇది తెలియాలంటే కొంచెము వెనుకకు పోవాలి. డాన్స్ బారు అనగానే పరదేశములలో బట్టలు విప్పి ఆడే క్లబ్బులు కొందరికి గుర్తుకు వస్తాయి. ముంబయిలోనివి సాధారణముగా అట్టివి కావు. చీరయో, ఘాగ్రాయో కట్టుకొని, సినిమా పాటలకు, త్రాగుచున్న మగవారి ఎదుట ఆడేవారు. వారు విసరిన నోట్లలో కొంత యజమానికి, కొంత ఆమెకు. మన గోదావరి జిల్లాలలో తీర్థములకు వేసే రికార్డింగ్ డాన్సు చూచినవారు దీనిని ఊహించుకొనగలరు. అయితే అది ఏడాదికి నాలుగు రాత్రులు, ఇది ప్రతి రాత్రి. పైగా ఈ బార్లు దొంగచాటువి కావు. ప్రభుత్వమే లైసెన్సులిచ్చి, రుసుము పుచ్చుకొని, ఏండ్ల తరబడి నడువనిచ్చినది.

ఆడినవారు ఎవరు? 2005లో ముంబయిలోని ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయపు పరిశోధకులు, ఒక స్త్రీల సంఘమువారు కలిసి 50 బార్లకు వెళ్ళి 500 మందితో మాట్లాడారు. పేదరికమే వారిలో ఎక్కువమందిని అక్కడికి తెచ్చినది. తల్లిదండ్రులను, తోడబుట్టినవారిని, పిల్లలను తమ సంపాదనమీదనే పోషించుచున్నవారు అనేకులు. తరతరాలుగా ఆటపాటలే వృత్తిగా గల ఉత్తరాది కులములనుండి వచ్చినవారు మరికొందరు.

డాన్స్ బార్లు మంచివని నేను వ్రాయుట లేదు. త్రాగుడువలన కూలిన కాపురములు మన పల్లెలలో ఏ వీధిలో లేవు? 2005లో పన్వేల్ ప్రాంతపు శాసనసభ్యుడొకరు, ఈ బార్లవలన తమ యువకులు చెడిపోవుచున్నారని సభలో మొరపెట్టారు. ఇంటి సొమ్ము అక్కడ తగలబడుచుంటే ఏడ్చిన భార్యల కన్నీళ్ళు నిజమైనవే. అయితే ఆ కన్నీళ్ళకు జవాబుగా ప్రభుత్వము ఏమి చేసినది?

2005 జూలైలో మహారాష్ట్ర శాసనసభ ఏకగ్రీవముగా చట్టము చేసింది. ఆగస్టు నడుమకు డాన్సులు ఆగిపోయినవి. ఉల్లంఘించినవారికి మూడేండ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా. మద్యము మాత్రము ఆగలేదు. బార్లు తెరిచియే ఉన్నవి. మూడు నక్షత్రములు, ఆపైన ఉన్న హోటళ్ళకు, జింఖానాలకు డాన్సు విషయములో మినహాయింపు! కూలివాడు త్రాగే చోట ఆడితే నేరమైనది, షావుకారు త్రాగే చోట ఆడితే కాలేదు. నిషేధము, శిక్ష, మినహాయింపు, అన్నీ ఆ సెక్షన్లలో వ్రాశారు. రేపు ఈ స్త్రీ ఏమి తినవలెను అన్నది మాత్రము వ్రాయలేదు.

పని పోయినవారు 75,000 మంది అని న్యాయస్థానములో చెప్పిన లెక్క. కొందరు ఊళ్ళకు తిరిగి పోయారు. కొందరు అదే బార్లలో వడ్డించేవారుగా, ఆర్కెస్ట్రాలో పాడేవారుగా తక్కువ రాబడికి మిగిలారు. కొందరు దుబాయి విమానమెక్కారు. ఇల్లు గడువక అనేకులు వ్యభిచారములోనికి దిగవలసి వచ్చినదని సుప్రీము కోర్టే తన తీర్పులో గుర్తించింది. స్త్రీల గౌరవము కాపాడుటకని చేసిన చట్టమువలన జరిగినది ఇది.

మన ప్రాంతములో ఇంతకంటె ఆలోచనతో చేసిన పని ఒకటున్నది. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివి. 1929లో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారి చొరవతో దేవాదాయ చట్టమును సవరించినప్పుడు, గుడిసేవ మానిన దేవదాసికి ఆమె అనుభవించుచున్న మాన్యపు భూమి ఆమెకే ఉండునట్లు ఏర్పాటు చేశారు. భూమి లేనివారికి దానివలన ఒరిగినదేమీ లేదు, నిజమే. అయినను, ఆట మానిపించేటప్పుడు కూటి సంగతి ఎవరో ఒకరు తలంచారు.

మరొక మాట. అట్టి స్త్రీ ఒక పెట్టె పట్టుకొని సొంత ఊరిలో బస్సు దిగినదనుకొనుడి. మన వీధి ఆమెను ఎట్లు చూచును? ఆరాధనకు వస్తే ప్రక్కన చోటిచ్చేవారెవరు? ఆమె కూతురికి సంబంధము అడుగుదురా? నగరములో పోలీసులు మూసిన తలుపుకంటె మన ఊరిలో మూసికొనే తలుపు చిన్నదేమీ కాదు.

బొంబాయి హైకోర్టు 2006 ఏప్రిలులో ఆ నిషేధమును కొట్టివేసింది. ప్రభుత్వము పైకోర్టుకు పోయింది. 2013 జూలై 16న సుప్రీము కోర్టు హైకోర్టు మాటనే నిలిపింది. పని మానిపించుటకంటె ఆ స్త్రీలకు భద్రత కల్పించి, పని పరిస్థితులు బాగుచేయుట మేలని చెప్పింది. 2014లో ప్రభుత్వము నక్షత్రపు హోటళ్ళను కూడ కలిపి మరల నిషేధించింది. 2015లో కోర్టు ఆపింది. 2016లో ఇంకొక చట్టము వచ్చింది: కెమెరాలు పెట్టవలెను, బడికి, గుడికి కిలోమీటరు దూరముండవలెను అని. 2019 జనవరి 17న ఆ షరతులను కోర్టు తీసివేసింది. నోట్లు వెదజల్లుట మాత్రము కూడదన్నది. అద్దము వెనుక 17 మంది దొరికినది ఇంత వ్యాజ్యము తీరిన తరువాతనే.

2005 ఆగస్టులో ఇరువది ఏండ్ల ప్రాయములో పని పోగొట్టుకొన్న అమ్మాయికి 2019 తీర్పునాటికి ముప్పదిమూడేండ్లు. కోర్టు ఆడవచ్చునన్నది. ఆ వయస్సులో ఆమెను పిలిచి పనిలో పెట్టుకొనే బారువాడు అరుదు.