పిండికట్టు కోసిన రంపం టైల్స్ సందుల్లోకి వచ్చింది

విరిగిన ఎముక అతికాక పిండికట్టు విప్పడం ఒకప్పుడు పెద్ద పరీక్షే. గట్టిపడ్డ ప్లాస్టర్ తెగాలి, దాన్ని ఆనుకుని ఉన్న చర్మం తెగకూడదు. పెద్ద కత్తెరలతో, చేతి రంపాలతో తంటాలు పడేవాళ్ళు. అమెరికాలోని కలమజూలో హోమర్ స్ట్రైకర్ అనే ఎముకల డాక్టరు దీనికి ఒక ఉపాయం కనిపెట్టి 1947లో పేటెంట్ పొందాడు. ఆయన రంపంలో బ్లేడు గిర్రున తిరగదు, ఊగుతుంది. అటు కాస్త, ఇటు కాస్త, కానీ నిమిషానికి వేల సార్లు. చర్మానికి సాగే గుణం ఉంది కాబట్టి బ్లేడుతో పాటే కదులుతుంది. ప్లాస్టర్‌కి ఆ గుణం లేదు, తెగిపోతుంది. కట్టు విప్పించుకునే పిల్లలు భయపడితే ఆస్పత్రి సిబ్బంది ఊగుతున్న బ్లేడుని తమ అరచేతికి తాకించి చూపించడం ఇప్పటికీ ఉంది.

పాత టైల్స్ తీసేవాళ్ళు వాడే మల్టీటూల్‌కి మూలం ఈ ఉపాయమే. 1895లోనే చేతిలో పట్టే కరెంటు డ్రిల్లు తయారుచేసిన జర్మన్ సంస్థ ఫైన్, 1967లో కట్లు కోసే ఊగే రంపం తెచ్చింది. తర్వాత అదే యంత్రాన్ని కార్ల అద్దాల జిగురు కోయడానికీ, చెక్కపనికీ మలిచింది. ఫైన్ పేటెంట్ గడువు తీరాక, 2008 తర్వాత మిగతా కంపెనీలూ రంగంలోకి దిగడంతో అది మామూలు పనివాళ్ళకూ అందింది.

లోపలి ఏర్పాటు ఎంత ముచ్చటైనదో చూడండి. మోటారు ఇరుసు చివర కేంద్రానికి కొంచెం పక్కగా ఒక బేరింగ్ ఉంటుంది. అది తిరుగుతూ, తనను పట్టుకున్న రెండు కొమ్ముల ముక్కని అటూ ఇటూ నెడుతుంది. ఆ ముక్కకి బిగించిన బ్లేడు మొత్తం మూడు డిగ్రీల మేర, నిమిషానికి 20,000 సార్ల దాకా ఊగుతుంది. బ్లేడు అంచు కదిలేది రెండు మిల్లీమీటర్లే!

బాత్రూమ్ గోడకి కావలసింది సరిగ్గా ఆ రెండు మిల్లీమీటర్లే. టైల్‌ని సుత్తి, ఉలితో కొడితే ఆ దెబ్బ సందులోని వైట్ సిమెంట్ గుండా పక్క టైల్‌కి పాకుతుంది. అది చిట్లుతుంది, వెనక ప్లాస్టరింగ్ పెళ్ళలుగా ఊడొస్తుంది. పోనీ కటింగ్ మిషన్ పెడదామంటే, నిమిషానికి 11,000 సార్లు తిరిగే నాలుగంగుళాల చక్రం అంచు వేగం గంటకి 200 కిలోమీటర్లు. చేయి కాస్త జారినా పక్క టైల్ మీద గాటు పడుతుంది. పైగా గుండ్రటి చక్రంతో మూల దాకా కోయాలంటే హద్దు దాటక తప్పదు. కార్బైడ్ లేదా వజ్రపు రవ్వ అద్దిన ఊగే బ్లేడు మాత్రం సందులోనే ఉండి మూల వరకూ వెళ్తుంది. దాన్ని బలంగా ఒత్తకూడదు. ఒత్తితే ఊపు తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, రవ్వ త్వరగా అరిగిపోతుంది. టైల్ మందం కన్నా లోతుకి దించకూడదు, కుళాయిల దగ్గర గోడలో పైపులుంటాయి. సిమెంట్ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకి చేటు కనుక మాస్కు తప్పనిసరి. పళ్ళున్న బ్లేడు చర్మాన్నీ కోస్తుంది, దాంతో ఆస్పత్రి ప్రయోగాలు వద్దు.

ఈ యంత్రం టైల్‌ని ఊడదీయదు. దెబ్బ ఎక్కడిదాకా పోవాలో హద్దు గీస్తుంది, నా దృష్టిలో దాని గొప్పతనమంతా అక్కడే ఉంది. నాలుగు వైపులా సందు శుభ్రంగా తీశాక టైల్‌ని మధ్యలో పగలగొట్టి, అక్కడి నుంచి అంచుల వైపు ఉలిని గోడకి బాగా ఏటవాలుగా పట్టి తట్టాలి. డొల్ల శబ్దం వచ్చిన చోట ముక్క సులువుగా లేస్తుంది. గట్టిగా పట్టిన చోట కొంత ప్లాస్టరింగ్ కూడా ఊడిరావచ్చు. అయినా చుట్టూ సందు తెగి ఉంది కాబట్టి పక్క టైల్స్ కదలవు, ఆ ఒక్క గడి మేరకు సిమెంట్ పూసుకుంటే సరిపోతుంది.