గోదావరి గట్టున హజూర్ సాహిబ్

నిజామాబాద్ జిల్లాలోని మా బ్రాంచికి బదిలీపై వచ్చిన కొత్తలో జరిగిన సంగతి. నీలం తలపాగా, తెల్లని గడ్డంతో ఒక పెద్దాయన కౌంటరు దగ్గర నిలబడి ఉన్నారు. నేను కాస్త చొరవ తీసుకొని, వచ్చీరాని హిందీలో 'సర్దార్జీ, క్యా చాహియే?' అన్నాను. ఆయన నవ్వి, 'తెలుగులనే చెప్పుండ్రి సారూ, నేను పుట్టింది గీ ఊర్లనే' అన్నారు. నేను గుంటూరు వాడిని. ఆ బ్రాంచిలో ఆయన తెలుగు నా తెలుగు కంటే స్థానికమైనది.

ప్రతి ఏడూ దీపావళికి ముందు ఆయన పొదుపు ఖాతాలోంచి కొంత సొమ్ము తీసేవారు. ఎందుకని అడిగితే 'హజూర్ సాబ్ పోవాలె' అనేవారు. కిందటి ఏడు మాత్రం డబ్బు తీయడానికి కాదు, ఇవ్వడానికి వచ్చారు. మోకాళ్ళు సహకరించడం లేదట, రైలు మెట్లు ఎక్కలేనన్నారు. ఒక ఐదు వందల నోటు, ఒక రూపాయి నాణెం నా బల్ల మీద పెట్టి, 'మీరు ఎప్పుడన్న నాందేడ్ పోతే గురువు తాన వేయండి. రసీదు వద్దు' అన్నారు. రెండు గంటల రైలు దూరంలో ఉన్న ఊరికి మూడేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదని ఆయనకు చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఆ నెలలోనే రెండో శనివారం మా ఆవిడ, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయితో కలిసి బయలుదేరాను.

సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వెళ్ళే లైను మన సహోద్యోగుల్లో చాలామందికి తెలిసినదే. దేవగిరి, అజంతా ఎక్స్‌ప్రెస్‌లు ఈ దారిలోనే వెళతాయి. నిజామాబాద్ దాటాక గోదావరి వంతెన, వెంటనే బాసర, తరువాత ధర్మాబాద్, ఉమ్రి, ముద్‌ఖేడ్, ఆ పైన నాందేడ్. ధర్మాబాద్ నుంచి మహారాష్ట్ర. అయినా ప్లాట్‌ఫారం మీద తెలుగు మాటలు వినబడుతూనే ఉంటాయి. 1956 నవంబరు 1 దాకా ఇదంతా హైదరాబాద్ రాష్ట్రమే. ఆ రోజున నాందేడ్ బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్రకు వచ్చింది. గురుద్వారా పరిపాలనకు ఆధారమైన చట్టాన్ని కూడా 1956లో హైదరాబాద్ శాసనసభే చేసింది. ఈ సంగతి నాకు అక్కడికి వెళ్ళేదాకా తెలియదు. రైల్వే లెక్కల్లో నాందేడ్ చాలాకాలం దక్షిణ మధ్య రైల్వేలో డివిజన్ కేంద్రంగా ఉంది. స్టేషన్ బోర్డు మీద ఇప్పుడు 'హజూర్ సాహిబ్ నాందేడ్' అని ఉంటుంది.

అసలు పంజాబ్‌లో పుట్టిన మతానికి గోదావరి ఒడ్డున ఇంత పెద్ద క్షేత్రం ఎలా వచ్చింది? మా అమ్మాయి రైల్లో వేసిన మొదటి ప్రశ్న ఇదే.

సిక్కుల పదవ గురువు గురు గోవింద్ సింగ్ 1666లో పాట్నాలో పుట్టారు. తండ్రి గురు తేగ్ బహదూర్‌ను 1675లో ఢిల్లీలో ఔరంగజేబు చంపించాడు. అప్పటికి కొడుక్కి తొమ్మిదేళ్ళు. గురుపీఠం బాధ్యత ఆ వయసులోనే మీద పడింది. 1699లో ఆనంద్‌పూర్‌లో ఖాల్సాను స్థాపించారు. 1704 చివరలో ఆయన పెద్ద కొడుకులిద్దరూ చమ్‌కౌర్ పోరులో చనిపోయారు. చిన్నవాళ్ళిద్దరినీ సర్‌హింద్‌లో నవాబు వజీర్ ఖాన్ చంపించాడు. ఒక నెల తిరక్కుండా నలుగురు కొడుకులు పోయారు.

1707లో అహ్మద్‌నగర్ దగ్గర ఔరంగజేబు మరణించాక అతని కొడుకు బహదూర్ షా గద్దెనెక్కాడు. అతని తమ్ముడు కామ్ బక్ష్ హైదరాబాద్‌లో స్వతంత్రం ప్రకటించుకున్నాడు. తమ్ముడిని అణచడానికి బహదూర్ షా సైన్యంతో దక్షిణాదికి కదిలాడు. ఆ దండుతో పాటు గురువు కూడా దక్కన్‌కు వచ్చారు. పాదుషా హైదరాబాద్ వైపు సాగిపోయాడు. గురువు నాందేడ్‌లో ఆగిపోయారు. అంటే ఈ కథలో హైదరాబాద్‌కు ఒక పాత్ర ఉంది. ఆ తగాదా లేకపోతే నాందేడ్ చరిత్ర వేరుగా ఉండేదేమో.

ఇక్కడే ఇద్దరు పఠాన్లు విడిదిలోకి చొరబడి గురువును పొడిచారు. వారిని పంపింది వజీర్ ఖానేనని సిక్కుల నమ్మకం. గాయానికి కుట్లు వేశారు, మానుతున్నట్టే కనిపించింది. గట్టి విల్లు ఒకటి ఎక్కుపెట్టబోతే కుట్లు తెగిపోయాయని చెబుతారు. 1708 అక్టోబరు 7న ఆయన కన్నుమూశారు. నలభై రెండేళ్ళు ఇంకా నిండలేదు. నా కంటే చిన్నవారు. ఈ లెక్క ఆ గోడల మధ్య నిలబడి వేసుకున్నప్పుడు ఒళ్ళు జలదరించింది.

చనిపోయే ముందు ఆయన చేసిన పని నాందేడ్‌ను నాందేడ్ చేసింది. ఆదిగ్రంథం ముందు ఐదు పైసలు, ఒక కొబ్బరికాయ ఉంచి తలవంచి, ఇకపై మీకు గురువు ఈ గ్రంథమే అని ప్రకటించారు. మనుషుల గురుపరంపర అక్కడితో ఆగింది.

ఎం.బి.ఏ. చదివే రోజుల్లో సక్సెషన్ ప్లానింగ్ మీద ఒక పేపరు రాశాను. అధినేత వెళ్ళిపోయాక సంస్థ ఎలా నిలుస్తుందన్నది అంశం. అన్నీ విదేశీ కంపెనీల ఉదాహరణలే ఇచ్చాను, మార్కులు బాగానే వచ్చాయి. వారసుడిగా చూపడానికి కొడుకు మిగలని ఒక మనిషి, అనుచరుల్లో ఒకరికి పదవి ఇస్తే మిగతావారు చీలిపోయే ప్రమాదం ఉన్నప్పుడు, అధికారాన్ని అందరూ చదవగల ఒక పుస్తకానికీ, నిర్ణయాలు చేసే బాధ్యతను సంఘానికీ అప్పగించిన ఉదాహరణ మన పక్కనే ఉందని అప్పుడు తోచలేదు. నేను పూర్తిగా లౌకిక దృష్టితో మాట్లాడుతున్నాను. భక్తులకు అది దైవ నిర్ణయం.

ఆ గ్రంథం సంగతి కూడా కొంచెం చెప్పాలి. అచ్చు ప్రతుల్లో 1430 పుటలు ఉంటాయి. ఏ ఊళ్ళో ఏ ప్రతి తెరిచినా అదే పుటలో అదే పంక్తి. గురువుల రచనలతో పాటు కబీరు, రవిదాసు, షేక్ ఫరీదు, జయదేవుడు వంటి వారి రచనలూ అందులో ఉన్నాయి. మహారాష్ట్ర భక్తకవి నామదేవుని పదాలు 61 ఉన్నాయి. ఆయన పుట్టిన ఊరిగా చెప్పే నర్సి, నాందేడ్‌కు పొరుగునున్న హింగోలి జిల్లాలోనిదే. గ్రంథాన్ని పొద్దున తెరిచి, రాత్రి పవళింపు చేస్తారు. వింజామర వీస్తారు. 2000లో సుప్రీంకోర్టు గురు గ్రంథ్ సాహిబ్‌ను న్యాయపరంగా ఒక 'వ్యక్తి'గా గుర్తించింది. దేవుడి పేరిట ఖాతాలు తెరిచిన అనుభవం ఉన్న మన మిత్రులకు ఈ తీర్పు విశేషం వెంటనే అర్థమవుతుంది.

స్టేషన్ దగ్గర ఆటో ఎక్కితే కాసేపటికి బంగారు శిఖరం కనిపిస్తుంది. ఇప్పుడున్న భవనాన్ని 1832-1837 మధ్య మహారాజా రంజిత్ సింగ్ కట్టించారు. అప్పుడు ఇది నిజాం రాజ్యం. లాహోరులో ఉన్న రాజు హైదరాబాద్ రాజ్యంలో కట్టడం చేయించగలిగాడంటే రెండు దర్బారుల మధ్య సంబంధాలు బాగుండాలి. బాగానే ఉండేవి. దివాన్ చందూలాల్ కాలంలోనే లాహోరు నుంచి సిక్కు సైనికులు హైదరాబాద్ కొలువుకు వచ్చారు. వారి దండు విడిసిన చోటు నేటికీ హైదరాబాద్‌లో సిక్కు ఛావనీ. ఈ సైనికులను జిల్లాలకు పంపి శిస్తు వసూళ్ళకు, ఖజానా కాపలాకు వాడుకునేవారు. మా బ్రాంచి పెద్దాయన ముత్తాతలు ఆ విధంగానే వచ్చారట. ఒక రకంగా ఆయన పూర్వీకులు మన వృత్తివాళ్ళే.

గురుద్వారాను సచ్‌ఖండ్ అంటారు. ఊరికి సిక్కులు పెట్టుకున్న పేరు అబిచల్ నగర్, చలించని నగరం. సిక్కుల ఐదు తఖ్తుల్లో ఇది ఒకటి. మిగిలినవి అమృత్‌సర్‌లోని అకాల్ తఖ్తు, ఆనంద్‌పూర్, పాట్నా, దమ్‌దమా. తల మీద గుడ్డ ఉండాలి. లేనివారికి రుమాళ్ళు అక్కడే దొరుకుతాయి. చెప్పులు వదిలి, కాళ్ళు కడుక్కొని లోపలికి వెళ్ళాలి. గర్భగుడి లాంటి లోపలి గదిని అంగీఠా సాహిబ్ అంటారు. గురువు అంత్యక్రియలు జరిగిన చోటు అది. యాత్రికులు ద్వారం బయటి నుంచే దర్శించుకుంటారు. గురువు ఆయుధాలు లోపల ఉన్నాయి. బంగారు కటారి, తుపాకి, బాణాలు, రెండు విల్లులు, రత్నాలు తాపిన డాలు, ఖడ్గాలు. సాయంత్రం హారతి తరువాత వాటిలో కొన్నింటిని ఒక్కొక్కటిగా ఎత్తి చూపిస్తారు. ఆ సమయానికి తప్పక ఉండండి.

పంజాబ్ గురుద్వారాలు చూసినవారికి ఇక్కడ తేడాలు కనిపిస్తాయి. దీపాలతో హారతి ఇస్తారు. రోజూ ఉదయం గోదావరి నుంచి బిందెతో నీళ్ళు తెచ్చి అంగీఠా సాహిబ్ కడుగుతారు. దసరా, దీపావళి, హోలా మహల్లా పెద్ద పండుగలు. దక్షిణాది ఆచారాల గాలి సోకిందని కొందరు, గురువు కాలం నాటి పాత పద్ధతులే ఇక్కడ నిలిచాయని కొందరు అంటారు. మా ఆవిడ మాత్రం బిందె నీళ్ళ సంగతి విని 'మన తీర్థపు బిందె లాగే ఉంది కదా' అనేసి ఊరుకుంది.

లంగరులో నేల మీద వరుసగా కూర్చోబెట్టి భోజనం పెడతారు. రొట్టెను రెండు చేతులూ చాచి అందుకోవాలి. మా అమ్మాయి ఒక చెయ్యి చాస్తే వడ్డించే అబ్బాయి నవ్వుతూ ఆగిపోయాడు. పక్కన కూర్చున్న లారీ డ్రైవరు చూపించాక రెండో చెయ్యి చాచింది. అన్నట్టు, నాందేడ్ నుంచి అమృత్‌సర్‌కు వెళ్ళే సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. దారిలో స్టేషన్లలో సేవకులు ప్రయాణికులందరికీ ఉచితంగా లంగరు భోజనం అందిస్తారు. వెళ్ళేవారు ఒక గిన్నె వెంట ఉంచుకోవడం మంచిది.

ఊళ్ళో ఇంకా చాలా గురుద్వారాలు ఉన్నాయి. అన్నీ చూడాలంటే రెండు రోజులు కావాలి. మేము ఆటో మాట్లాడుకొని కొన్ని చూశాం. హీరా ఘాట్‌లో, పాదుషా కానుకగా ఇచ్చిన వజ్రాన్ని గురువు గోదావరిలోకి విసిరేశారని చెబుతారు. సంగత్ సాహిబ్ కథ బ్యాంకు వాళ్ళకు నచ్చుతుంది. సైనికులకు జీతాలు బాకీ పడితే, మాల్‌టేకిడి అనే దిబ్బలో ఉన్న నిధిని తవ్వించి, ఇక్కడ డాలుతో కొలిచి పంచారట. మిగిలిన సొమ్ము తిరిగి అక్కడే పాతిపెట్టారట. లెక్కపెట్టకుండా డాలుతో కొలిచి ఇచ్చే క్యాషియర్‌ను మన ఆడిటర్లు ఊరుకుంటారా అని మేము నవ్వుకున్నాం.

బందా ఘాట్ దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగాం. మాధోదాసు అనే బైరాగికి గోదావరి ఒడ్డున ఇక్కడ ఆశ్రమం ఉండేది. 1708లో గురువును కలిశాక అతను బందా సింగ్ అయ్యాడు. బందా అంటే దాసుడు. గురువు ఆజ్ఞతో పంజాబ్‌కు వెళ్ళి, 1710లో సర్‌హింద్‌ను జయించాడు. వజీర్ ఖాన్ ఆ యుద్ధంలోనే హతమయ్యాడు. బందా సింగ్ నాణేలు ముద్రించాడు, గురువుల పేరిట. తన పేరు వేయించుకోలేదు. 1716లో ఢిల్లీలో మొగలులు అతన్ని చిత్రహింసలు పెట్టి చంపారు. గోదావరి ఒడ్డు నుంచి వెళ్ళిన ఒక సన్యాసి ఎనిమిదేళ్ళలో చేసిన పని అది.

ఒక సలహా. పండుగ రోజుల్లో వసతి దొరకడం కష్టం. మామూలు రోజుల్లో గుర్తింపు కార్డు చూపిస్తే గురుద్వారా యాత్రీ నివాసాల్లో గది ఇస్తారు. మే నెలలో వెళ్ళకండి, పాలరాయి మీద కాలు పెట్టలేరు. తిరుగు ప్రయాణంలో బాసరలో దిగితే సరస్వతి దర్శనం కూడా అవుతుంది.

పెద్దాయన సొమ్ము సంగతి. హుండీలో వేయమన్నారు కానీ, మరొకరి డబ్బు రసీదు లేకుండా వదలడానికి నాకు చెయ్యి రాలేదు, ఇరవై ఏళ్ళ అలవాటు. కౌంటరులో కట్టాను. గుమాస్తా ఎవరి పేరు అని అడిగితే పాస్‌బుక్కులో ఉన్నట్టే ఆయన పేరు చెప్పాను. 501 రూపాయలకు రసీదు ఇచ్చారు.

సోమవారం ఆయన బ్రాంచికి వచ్చినప్పుడు ప్రసాదంతో పాటు ఆ రసీదు ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకొని చాలాసేపు చూశారు. 'ప్రసాదం మస్తుగ తెచ్చిన్రు. గీడ నా పేరెందుకు రాయించిన్రు సారూ?' అన్నారు. ఏం చెప్పాలో తోచక రూల్సు అన్నాను. ఆయన తల ఊపి, రసీదును నాలుగు మడతలు పెట్టి పాస్‌బుక్కు అట్టలో దోపుకున్నారు.