కిలో నూనె, లీటరు నూనె ఒకటి కావు

ఎండలు ముదిరి తుని మార్కెట్లో పచ్చడి కాయ దిగిందంటే ఆవకాయ లెక్కలు మొదలవుతాయి. ముక్కలు కొట్టించి, ఆవపిండి, కారం, ఉప్పు సిద్ధం చేసుకున్నాక మిగిలేది పప్పునూనె. తేడా వచ్చేది అక్కడే. విడి నూనెను కిలోల్లో తూస్తారు, ప్యాకెట్ నూనెను లీటర్లలో అమ్ముతారు. కిలో అని రాసుకున్నచోట లీటరు ప్యాకెట్ తెచ్చి పోసేస్తాం. నీళ్లయితే ఇబ్బంది లేదు. 1901 నుంచి 1964 దాకా లీటరు అంటే అధికారికంగానే కిలో స్వచ్ఛమైన నీరు పట్టే చోటు. నూనె నీటికన్నా తేలిక. లీటరు పప్పునూనె తూగేది దాదాపు 920 గ్రాములే. రెండు కిలోలు పట్టే ఆవకాయలో రెండు లీటర్లు పోస్తే 160 గ్రాములు తగ్గుతుంది. తగ్గేది ముక్క మునిగేలా పైన నిలవాల్సిన నూనె. అది లేకపోతే గాలి తగిలిన ముక్కకు బూజు పడుతుంది. అందుకే నూనె, నెయ్యి, తేనె, పాలు ఏవైనా సరే, కొలత రాసుకునేటప్పుడు గ్రాముల్లోనే రాసుకోవాలి.

పెద్దవాళ్లు ఏ కాటా పెట్టుకుని పచ్చళ్లు పట్టారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లు ముక్కలు, పిండి, కారం, నూనె అన్నీ ఒకే గిన్నెతో కొలిచారు. గిన్నె పెద్దదైనా చిన్నదైనా పాళ్లు మారవు, కాబట్టి ఆ పద్ధతిలో తప్పు లేదు. ఇప్పుడు మనం చేస్తున్నది అది కాదు. కాయలు కిలోల్లో కొంటున్నాం, కారం గ్రాముల ప్యాకెట్లో తెస్తున్నాం, నూనె మాత్రం లీటర్లలో పోస్తున్నాం. రెండు పద్ధతులు కలిశాక పాళ్లు నిలవవు. గిన్నె లెక్కలో ఉంటే అంతా గిన్నెతోనే, తూకంలోకి వస్తే నూనె కూడా తూకంలోకే రావాలి.

లెక్క కష్టం కాదు. మిల్లీలీటర్లను నూనెకైనా కరిగిన నెయ్యికైనా 0.91తో, పాలకు 1.03తో, తేనెకు 1.4తో గుణిస్తే గ్రాములు వస్తాయి. నూనె రకాన్ని బట్టి వచ్చే చిన్న తేడా ఇంటి వంటకు లెక్కలోది కాదు. తేనె దగ్గర మాత్రం ఏమరకూడదు: 200 మిల్లీలీటర్లు 280 గ్రాములు తూగుతుంది. పైగా కొలిచిన గ్లాసు గోడలకు తేనె అంటుకుని కొంత అందులోనే ఉండిపోతుంది. గిన్నెను కాటా మీద పెట్టి, సున్నా చేసి, నేరుగా అందులోకే వంచితే ఆ నష్టం ఉండదు. పోపులో వేసే చెంచాడు నూనెకు ఇదంతా అక్కర్లేదు.

వేడి సంగతీ ఉంది. నూనె కాచి, చల్లారకముందే లీటరు కొలిస్తే తూకం తగ్గుతుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చెప్పిన లెక్క ప్రకారం లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919.1 గ్రాములు, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములు. కొన్ని ప్యాకెట్ల మీద 60 డిగ్రీల లెక్క వేసి తక్కువ తూకం నింపే వీలుండేది. ఉష్ణోగ్రత ప్రస్తావన తీసేసి, పరిమాణంతో పాటు తూకమూ వేయాలని 2022లో ఆ శాఖ కంపెనీలకు చెప్పి, 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది. కాటా లేని ఇంట్లో ఆ అంకె చూసుకున్నా చాలు. కొట్లో 15 లీటర్ల డబ్బా, 15 కిలోల డబ్బా పక్కపక్కనే ఉంటే రెండింటికీ తేడా కిలోకు పైనే. లీటరు 150 రూపాయలంటే కిలో సుమారు 165 పడినట్టు; ధరలు పోల్చాల్సింది ఆ అంకెతోనే.