పాలలో యూరియా – గుర్తించే రసాయన పరీక్షలు

విద్యార్థులారా! యూరియా అనగానే పొలంలో చల్లే తెల్లటి గుళికలు గుర్తుకు వస్తాయి. దాని బరువులో సుమారు 46 శాతం నైట్రోజనే. పాలలోని ప్రోటీన్‌ను నైట్రోజన్ పరిమాణాన్ని బట్టి లెక్కకట్టే పద్ధతులు ఉన్నాయి. నీళ్లు కలిపిన పాలలో యూరియా కరిగిస్తే ఆ లెక్క పెరుగుతుంది. కల్తీకి ఇదొక కారణం. దీనిని ప్రయోగశాలలో ఎలా గుర్తించాలో తెలుసుకుందాం.

1. బైయూరెట్ పరీక్ష: పొడి పరీక్షనాళికలో కొద్దిగా యూరియాను వేసి మెల్లగా వేడిచేయాలి. అది కరిగి, ఘాటైన అమ్మోనియా వాసన వస్తుంది. రెండు యూరియా అణువులు ఒక అమ్మోనియా అణువును కోల్పోయి బైయూరెట్‌గా మారతాయి. చల్లారాక నీరు, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం, ఒకటి రెండు చుక్కల సజల కాపర్ సల్ఫేట్ కలిపితే ఊదారంగు వస్తుంది. అయితే పాలకు ఈ పరీక్ష పనికిరాదు. ఎందుకంటే పాలలోని ప్రోటీన్లు కూడా ఇదే రంగునిస్తాయి.

2. యూరియేజ్ పరీక్ష: 5 మి.లీ. పాలలో కొద్దిగా సోయాపిండి గాని కందిపిండి గాని వేసి బాగా కలపాలి. 5 నిమిషాల తరువాత ఎర్ర లిట్మస్ కాగితం ముంచి అర నిమిషం ఆగాలి. కాగితం నీలిరంగుకు మారితే యూరియా కలిసినట్లు భావించాలి. పిండిలోని యూరియేజ్ అనే ఎంజైమ్ యూరియాను అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. అమ్మోనియా క్షారం కాబట్టి లిట్మస్ నీలంగా మారుతుంది. పిండి వేయని పాలను కూడా తప్పక పరీక్షించాలి. అక్కడా నీలిరంగు వస్తే, దానికి కారణం సోడా వంటి మరో క్షారం కావచ్చు.

3. డి.ఎమ్.ఎ.బి. పరీక్ష: దీని పూర్తి పేరు పారా డైమిథైల్ అమైనో బెంజాల్డిహైడ్. ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌లో తయారుచేసిన దీని 1.6 శాతం ద్రావణాన్ని పాలకు సమానంగా కలిపితే, యూరియా ఉన్నప్పుడు స్పష్టమైన పసుపురంగు వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పశువుల కాలేయంలో యూరియా సహజంగానే తయారై కొంత పాలలోకి చేరుతుంది. అందువల్ల స్వచ్ఛమైన పాలు కూడా లేత పసుపురంగు చూపుతాయి. మన దేశ ఆహార ప్రమాణాల ప్రకారం 100 మి.లీ. పాలలో 70 మిల్లీగ్రాముల వరకు యూరియాను అనుమతిస్తారు. కనుక స్వచ్ఛమైన పాల నమూనాను పక్కన ఉంచి పోల్చకుండా ఎవరి పాలనూ కల్తీ అనకూడదు. తొందరపాటు నిర్ణయం నిజాయితీగల పాడిరైతుకు నష్టం చేస్తుంది.

ఆలోచించండి: యూరియేజ్‌ను 1926లో స్ఫటికాలుగా వేరుచేసిన జేమ్స్ సమ్నర్ అది ప్రోటీన్ అని చూపారు. అలాగైతే, సోయాపిండిని ముందుగా నీటిలో మరిగించి వాడితే లిట్మస్ రంగు మారుతుందా?